మూడు ఫోటోలు తీసేంతసేపు

నా భార్య ఎవాంజలిన్ చావు ఫోటోలు తీస్తుంది. పెళ్ళిళ్ళకూ వెళ్తుంది గానీ, మా కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఆమె పేరు తెలిసింది వీటివల్లే. శవపేటికకు మూత వేసేముందు ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడి ఒక ఫోటో దిగడం ఇక్కడి మా క్రైస్తవుల ఆనవాయితీ. పెళ్ళి ఫోటో చెడితే ఆ జంటను మళ్ళీ నిలబెట్టవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. అలాంటి రోజుల్లో నా ఆటో పక్కన పెట్టించి, కెమెరా స్టాండు మోయడానికి నన్ను తీసుకెళ్తుంది. "నోరు మూసుకోని నిలబడితే చాలప్పా" అంటుంది. ఆ ఒక్క పనీ నాకు చేతకాదు.

గనిలో పనిచేసి రిటైరైన ఆరోగ్యస్వామి పోయినప్పుడు మేం వెళ్ళేసరికి ఆ ఇంట్లో పెద్ద పేచీ నడుస్తోంది. ఆయన భార్య ఎస్తరమ్మ మూత వేయనివ్వడం లేదు. కొడుకు ఆస్టిన్ బతిమాలాడు. ఫాదర్ నచ్చజెప్పారు. ఆమెది ఒకటే మాట.

"ఆయనతో నాకు ఒక్క ఫోటో కూడా లేదు. అది తీసినాక మూయండి."

నిజమే. ఆరోగ్యస్వామి అంత సిగ్గరిని నేను చూడలేదు. భూమి అడుగున బండలు పగలగొట్టిన మనిషి, కెమెరా కనిపిస్తే పెరట్లోకి జారుకునేవాడు. చర్చికి వెళ్ళినా భార్యకంటే నాలుగడుగులు ముందు నడిచేవాడు.

వాకిట్లో తీద్దామన్నాను. "వద్దప్పా, జనముండారు. ఆయనకి సిగ్గు" అంది ఎస్తరమ్మ. చచ్చినవాడికి సిగ్గేమిటని నోటిదాకా వచ్చింది. ఎవాంజలిన్ చూసిన చూపుకు మింగేశాను.

లోపల చూస్తే గని కూలీలకు వరసగా కట్టిన మైను లైన్ల ఇల్లు, ఒకటే గది, ఒకటే తలుపు. తలుపుకు ఎదురుగా, బంగారం తీశాక మిగిలిన తెల్లమట్టి పోసిన సైనైడ్ గుట్ట ఎండకు మెరుస్తోంది. ఆ వెలుగంతా పెట్టెలోని తెల్ల గుడ్డమీద, ఆయన తెల్ల చొక్కామీద పడుతోంది. ఎస్తరమ్మ అవతలి పక్క చీకట్లో ఉంది. మొదట తీసినదాంట్లో ఆయన ఉన్నాడు, ఆమె లేదు. వెలుతురు పెంచితే ఆమె కనిపించింది, ఆయన ముఖం తెల్లకాగితమైపోయింది. ఫ్లాష్ కొడితే చచ్చిన ముఖం మరీ చచ్చినట్టు పడుతుందని ఎవాంజలిన్ దాన్ని తాకదు.

గనిలోంచి ఎండలోకి వచ్చినవాడు కాసేపు కళ్ళు చికిలిస్తాడు, తర్వాత చూపు సర్దుకుంటుంది. కెమెరాకు ఆ సర్దుబాటు రాదు. అందుకని కదలని స్టాండుమీద మూడు ఫోటోలు తీయాలి. వెలుతురు తగ్గించి ఆయన కోసం ఒకటి, నడిమధ్యన ఒకటి, ఎక్కువసేపు తీసి వెలుతురు పెంచి ఆమె కోసం ఒకటి. తర్వాత ఎవాంజలిన్ కంప్యూటర్లో మూడింటిలో మంచిదంతా ఏరి ఒక్కటిగా కలుపుతుంది. హెచ్‌డీఆర్ అంటారట. షరతు ఒకటే, మూడూ అయ్యేదాకా ఎవరూ కదలకూడదు.

ఎస్తరమ్మకు చేతి వణుకు. ఎన్నో ఏళ్ళుగా ఉంది.

తీసిన మూడింట్లోనూ పెట్టె అంచుమీది ఆమె చేయి మూడు చోట్ల ఉంది. చివరిదాంట్లో అయితే చేయే లేదు, పొగలా ఏదో ఉంది. ఫాదర్ వాచీ చూసుకున్నారు, ఆయనకు బంగారుపేటలో ఇంకో పూజ ఉంది. పెట్టె చేసినవాడు మూత ఎత్తి పట్టుకున్నాడు.

"అక్కా, ఇంగ చాలు" అన్నాడు ఆస్టిన్ ఎవాంజలిన్‌తో. గొంతు మారింది. గొడవైతే ముందు దెబ్బలు తినేది స్టాండు పక్కనున్నవాడే.

ఎవాంజలిన్ మళ్ళీ తీసింది. ఈసారి ఇంకా చెడింది.

"నేనేం చేసేదమ్మా? చేయి నా మాట ఇనదు" అంది ఎస్తరమ్మ. "వదిలేయ్. నా రాత ఇంతే."

ఆ రోజు మొదటిసారి నిజంగానే నోరు మూసుకున్నాను.

ఎవాంజలిన్ కెమెరా వదిలి పెట్టె దగ్గరికి వెళ్ళింది. జపమాల చుట్టిన ఆరోగ్యస్వామి చేతులను నెమ్మదిగా కొంచెం ఎత్తింది.

"నీ చేయి దీని కింద పెట్టమ్మా."

ఎస్తరమ్మ గుమ్మంలో నిలబడ్డ జనం వైపు చూసి వెనకాడింది. ఎవాంజలిన్ తానే ఆమె చేయి అందుకుని కింద పెట్టి, ఇద్దరి వేళ్ళనూ కలిపి జపమాల చుట్టింది.

"ఆయన కదలడు. ఆయన్ని పట్టుకోని ఉండు."

ఒకటి అయింది. రెండోది అయింది. ఎక్కువసేపు పట్టేది మూడోదే. అదీ అయింది.

ఎస్తరమ్మ తనంతట తానే జపమాల విప్పి చేయి తీసుకుంది. "ఇంగ మూయండి" అంది.

ఆయన పోయి నెలయ్యాక చేసే నెల పూజనాడు ఫ్రేము కట్టించి తీసుకెళ్ళాం. ఆయన చొక్కా గుండీలు, ఆమె ముఖంలో ముడతలు, తలుపు అవతలి గుట్ట, అన్నీ ఒకే వెలుతురులో ఉన్నాయి. ఎస్తరమ్మ వణుకుతున్న వేలితో ఫోటోలోని తన చేతిని తడిమింది.

"ఈ చేయి వణకలేదే."

"ఆయన పట్టుకున్నాడు కదమ్మా" అంది ఎవాంజలిన్.

ఎస్తరమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"నలుగురి ముందర పట్టుకునింది ఇదే మొదలమ్మా."