ఇరుసుకు వేలాడిన పూట

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు అరుగు మీద కూర్చుని పాఠం వల్లె వేసుకుంటోంది. నెల్లూరులో టీచరు చదువు చదువుతోంది లెండి. "తిరగని చక్రాన్ని ఒక పక్క నొక్కితే ఆ పక్కకు ఒరుగుతుంది. వేగంగా తిరిగే చక్రాన్ని నొక్కితే పడిపోదు, దారి మళ్లుతుంది" అని ఒకటికి నాలుగుసార్లు చదివి, పుస్తకం మూసేసి, "ఇదెట్ల కుదురుతాదవ్వా? నాకు నమ్మకం లేదు" అంది. నేను చింతపండు ఈనెలు తీస్తున్నాను. "కుదురుతాది" అన్నాను. "నీకెట్ల తెలుసు?" అంది. అడగాల్సిన మాటే. నలభై దాటాక ఆదివారం బడిలో బైబిలు కోసం అక్షరాలు దిద్దినదాన్ని, నాకు శాస్త్రం ఎక్కడిది? ఈ ఒక్క సంగతి మాత్రం నాకు భయం నేర్పింది. ఆ భయం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది.

ధాత నామ సంవత్సరంలో మొదలైన పెద్ద కరువుకు రెండో ఏడు అది. నాకు పెళ్లయి ఏడాది నిండలేదు. కరువులో పెళ్లేమిటని అడగకండి. మా నాయన ఇంట్లో ఒక కంచం తగ్గింది, ఉదయగిరిలో ఒక ఇంటికి రెండు చేతులు వచ్చాయి, అంతే. అత్త లేదు. మామది రాతిపని. దుర్గం కింద బండలు చీల్చి రోళ్లు, తిరగళ్లు చెక్కేవాడు. విసరడానికి గింజలే లేనప్పుడు తిరగలి ఎవరికి కావాలి? అమ్ముడుపోని రోళ్లు వాకిట్లో బోర్లించి ఉండేవి. వాటి మీద కూర్చుని ఆకలి గురించి తప్ప మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకునేవాళ్లం. మాట్లాడుకునేవాళ్లం అంటే, తండ్రీ కొడుకులు. మామ ఎదుట కోడలు నోరు విప్పకూడదు. ఆయనా నాతో నేరుగా మాట్లాడేవాడు కాడు. నేను పక్కనే నిలబడి ఉన్నా "దాన్ని నీళ్లు తెమ్మనరా" అని కొడుక్కి చెప్పేవాడు. కొడుకు ఇంట్లో లేకపోతే గోడకు చెప్పేవాడు. నేను గోడ తరఫున నీళ్లు తెచ్చి పెట్టేదాన్ని.

ఆత్మకూరు దగ్గర కరువు పని కింద చెరువు తూము కడుతున్నారనీ, సున్నం నూరే గానుగకు రాతి చక్రం కావాలనీ కబురొచ్చింది. మామ నెలన్నర కూర్చుని చెక్కాడు. నా భుజాల ఎత్తు, జానెడు మందం, నడుమ ఒక కన్నం. పగలకుండా చేరిస్తే రెండు బస్తాల బియ్యం. అంత రాయిని మోసే బండి మాకు లేదు. రాయినే దొర్లించుకుపోవాలి. కన్నంలో పొడుగాటి తుమ్మ కర్రను ఇరుసుగా దూర్చి, దాని కొనలకు తాళ్లు కట్టి, ఎముకలు తేలిన మా ఎడ్ల చేత లాగించారు. కుడి కొన దగ్గర మా ఆయన, ఎడమ కొన దగ్గర నేను. మలుపు వచ్చినప్పుడు ఏ పక్కకు తిరగాలో ఆ పక్కవాళ్లం ఇరుసు మీద బరువు వేయాలి. మొదటి రోజు ఊరి బయటే, నిలబెట్టి ఉన్న రాయిని తిప్పుదామని నేను ఇరుసు పట్టుకుని కాళ్లు పైకెత్తి మరీ వేలాడాను. కదిలితే ఒట్టు. మామకు గోడ దొరకలేదు, ఎడ్లతో చెప్పాడు. "నిలబడ్డ రాయి మాట వినదు. నడిచే రాయి వింటాది." నిజమే. దొర్లుతున్నప్పుడు ఒత్తితే ఒరిగిపోకుండా మెల్లగా తల తిప్పి నా పక్కకు వచ్చేది.

అలా వచ్చినప్పుడల్లా మీద పడుతుందేమోనని భయం వేసేది. ఆముదం దొరకని రోజులు కాబట్టి ఇరుసుకు పూత లేదు. కన్నంలో కర్ర రాసుకుని రోజంతా మూలుగుతూ ఉండేది. దిగుళ్లలో ఇంకా భయం. అక్కడ ఎడ్లను విప్పి పైనే నిలిపేవారు. ఇరుసుకు వెనకనుంచి తాడు కట్టి, మామ దాన్ని ఏ చెట్టు మొదలుకో ఒక చుట్టు తిప్పి, కొంచెం కొంచెంగా వదిలేవాడు. మా ఆయన ముందు నడుస్తూ దారిలో రాళ్లు ఏరేవాడు. నాలుగో రోజు పొద్దున ఆ తాడు చుట్టబెడుతుంటే నా వేళ్లకు తగిలింది. మూడు పురుల్లో రెండు తెగి ఉన్నాయి. మా ఆయనకు చెబుదామంటే పక్కనే మామ. మామకు చెబుదామంటే ఆయన మామ. మధ్యాహ్నం అంబలి తాగేటప్పుడు ఎలాగో మా ఆయన చెవిన వేద్దాంలే అనుకున్నాను. అంబలికి ముందే వాగు దిగుడు వచ్చింది.

కరువు కూలీలు కొత్తగా తవ్విన దారి అది. రెండు పక్కలా మనిషి ఎత్తు మట్టి గట్లు, నడుమ ఇరుకైన వాలు. మామ తాడు చుట్టాడు. మా ఆయన ముందు వంగి గులకరాళ్లు ఏరుతున్నాడు. నేను ఎడమ కొన పట్టుకుని వెనక తాడు వంకే చూస్తున్నాను. చెప్పు, ఇప్పుడన్నా చెప్పు అని లోపల ఎవరో అంటున్నారు. ఫట్‌మని తాడు తెగింది. రాయి మొదట తాపీగానే కదిలింది, రెండు బారలు పోయేసరికి నేను పరుగు అందుకోవాల్సి వచ్చింది. "తప్పుకోరా" అని మామ అరిచాడు. మా ఆయన వెనక్కి చూసి, గట్టు ఎక్కబోయి, గులకరాళ్ల మీద జారి దారి నడుమ బోర్లా పడ్డాడు. అప్పుడు మామ నాతో మొదటిసారి మాట్లాడాడు. "అమ్మాయ్, ఇరుసుకు వేలాడు." నేను రెండు చంకల కింద ఇరుసు పెట్టుకుని ఒళ్లంతా వదిలేశాను. నా కాళ్లు నేల మీద ఈడ్చుకుపోతున్నాయి, కళ్లు మూసుకుపోయాయి. చచ్చిపోతున్నామనే అనుకున్నాను, ఇద్దరం. కానీ ఆ రాయి విన్నది. బరువుగా తల తిప్పి ఎడమ గట్టు వైపు మళ్లింది. చేతులు ఎప్పుడు వదిలానో తెలియదు. కళ్లు తెరిచేసరికి రాయి గట్టులో దిగబడి ఆనుకుని ఉంది. మా ఆయన బతికే ఉన్నాడు. లేవబోతున్నవాడి తుంటికి కుడివైపు ఇరుసు కొన తగిలి, మళ్లీ పడిపోయాడు.

తెగిన తాడును ఆపబోయిన మామ అరచేతుల్లో తోలు లేదు. ఆ చేతులతోనే తాడు కొన ఎత్తి చూశాడు. ఒక పురి తెల్లగా ఉంది, అప్పుడే తెగింది. రెండు మట్టి పట్టి నల్లబడి ఉన్నాయి. పొద్దున తాడు చుట్టింది నేనని ఆయనకు తెలుసు. నా వంక చూశాడు. ఆ చూపుకు నేను రాయికన్నా ఎక్కువ భయపడ్డాను. కొడుకు చూడకముందే ఆయన ఆ కొనను కంపలోకి విసిరేసి, నా దగ్గరకు వచ్చి, మెల్లగా అన్నాడు. "ఇంకమీద ఏదన్నా చూస్తే నాకే చెప్పమ్మా." ఆనాటి నుంచి పోయేదాకా ఆయన గోడతో మాట్లాడలేదు.

రాయి అంచు పెచ్చు లేచినా తూము పనివాళ్లు తీసుకున్నారు. బియ్యం వచ్చాయి, బతికాం. మా ఆయన తుంటి మాత్రం సరిగా అతుక్కోలేదు. గానుగలో ఆ రాయి పెచ్చు లేచిన చోట ప్రతి చుట్టుకూ ఒకసారి కుంటేది. "మా ఇద్దరిదీ ఒకటే నడక" అని ఆయన నవ్వేవాడు. నలభై ఏళ్లు, కొత్తవాళ్లు ఎవరొచ్చినా చెప్పేవాడు. "నా పెండ్లాం ఇరుసుకు వేలాడి నా పానం నిలిపినాది." వచ్చినవాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు. నేను మజ్జిగ తెచ్చే మిషతో లోపలికి పోయేదాన్ని. ఆయన నడిచి వస్తుంటే ఆ అడుగుల చప్పుడు వాకిట్లోనే తెలిసేది, ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. విన్న ప్రతిసారీ నా వేళ్లకు ఆ రెండు పురులు తగిలేవి. చెబితే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని భయం. ఆరేళ్ల కిందట, ఈ సంగతి తెలియకుండానే పోయాడు.

ఇదంతా విని మనవరాలు పుస్తకం పక్కన పెట్టేసింది. మా ఇంట్లో పెద్దల ఎదుట అందరికన్నా ఎక్కువ మాట్లాడేది అదే. మొదట్లో నాకు చిరాకు వేసేది, ఇప్పుడు వద్దనను. "తాతకు ఒక్కసారన్నా చెప్పి ఉండొచ్చు కదవ్వా" అంది. ఉండొచ్చు. నలభై ఏళ్లు ఆయన నా పక్కనే నడిచాడు, ఏ పూట చెప్పినా వినేవాడు. ఇప్పుడా కాలం ఆ రాయిలా గట్టుకు ఆనుకుని నిలబడిపోయింది, ఏ కొన పట్టుకుని ఎంత వేలాడినా నా వైపు తిరగదు.