రాఘవేందర్ కరెంటు కారు

తూంకుంటలో రాఘవేందర్ అనే పెద్దమనిషికి ఒక కరెంటు కారు ఉంది. దాని బ్యాటరీ చచ్చి రెండేళ్లయింది. ఆ రకం కార్లు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది, బ్యాటరీ ఇక ఎక్కడా దొరకదని పేట్ బషీరాబాద్ మెకానిక్ మొహం మీదే చెప్పాడు. అయినా ఈయనగారు రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కారు మీది గుడ్డ తీసి, పసిపిల్లకు ఒళ్లు తుడిచినట్టు తుడిచి, స్టీరింగు ముందు కూర్చుని పేపరు చదువుతాడు. అడిగినవాళ్లకు, "వచ్చే నెల బ్యాటరీ వస్తాంది" అంటాడు. ఆ వచ్చే నెలకు ఇరవై నాలుగు నెలల వయసు.

దసరా నాడు కారుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. భార్య కమలాబాయి గేటు దగ్గర నిలబడి, "గిది తనంతల తాను నిమ్మకాయలు తొక్కకుంటే ఇయ్యాల్నే తుక్కుల ఏస్త" అంది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. దాంతో ఆమె లోపలికి వెళ్లగానే పక్కింటి సోమయ్యను, ఇంకో ఇద్దరిని బతిమాలి, తాను స్టీరింగు ముందు కూర్చుని వెనక నుంచి నెట్టించాడు. నిమ్మకాయలు నలిగాయి, కారు రోడ్డెక్కింది. కమలాబాయి బయటికి రాగానే, అద్దం దిగదు కాబట్టి తలుపు తెరిచి, "చూసినవా కమలా, జరంత చప్పుడన్న ఉన్నదా?" అన్నాడు.

"చప్పుడంత నా నడుముల ఉన్నది సారూ!" అన్నాడు వెనక నుంచి సోమయ్య.

కమలాబాయి నవ్వలేదు. తుక్కు కొనేవాడికి ఫోన్ కొట్టింది.

"బండి గేటు దాటింది, జల్దీ రా. మా ఆయన లోపట్నే ఉన్నడు, దింపి తీస్కపో."