రంగూన్ లేని పుస్తకాలు

"పిల్లని సదువు మానిపించీసి ఇంట్లో కూకోబెట్టీసినావు, రేపు దాని గతేటే?" అని అత్త సింహాచలమ్మ అడిగిన రోజు నుంచి హేమలతకు అన్నం సయించడం లేదు. కాలేజీ హాస్టల్ నుంచి చిక్కి సగమై, మాటాపలుకూ లేకుండా వచ్చిన కూతురు భవ్యశ్రీని ఇంటి దగ్గరే చదివించి ఓపెన్ స్కూల్ పరీక్ష రాయిస్తానని తెగించిందే గాని, ప్రపంచ చరిత్ర దగ్గర ఆమె ధైర్యం జారిపోయింది. పలాసలో పుస్తకాల కొట్టాయన ఒక లావుది, ఒక సన్నది ఇచ్చి, చూసి ఒకటి ఉంచుకోమన్నాడు. జీడిపిక్కల బేరాల మధ్య పెరిగిన మనిషికి సరుకు చూడటం ఒక్కలాగే వచ్చు: బస్తా నడుమ చెయ్యిపెట్టి, గుప్పెడు పిక్కలు తీసి కోసి చూడాలి. పుస్తకాలనూ అలాగే నడిమికి విప్పి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, రెండో ప్రపంచయుద్ధం పాఠంలో బర్మాలోని రంగూన్ కోసం వెతికింది. అక్కడ బాంబులు పడ్డప్పుడు ఆమె ముత్తాత రేవులో కూలీ. అడవుల వెంట నడిచి ఇంటికొచ్చాడు. లావుదానిలో సేనాధిపతులున్నారు, సన్నదానిలో తేదీలున్నాయి, నడిచొచ్చినవాళ్లు ఎందులోనూ లేరు.

"రెండూ పుచ్చు సరుకే. రంగూన్ నుంచి నడిచొచ్చిన మా ముత్తాత ఊసే లేదు," అని గొణిగింది.

"పుస్తకాలు పిక్కలేటమ్మా, కోసి సూడ్డానికి?" అని భవ్యశ్రీ నవ్వింది. లావుదాన్ని తన వైపు లాక్కుని, "అయితే మీ ముత్తాత ఏ దారంట వచ్చినాడు?" అంది.

హాస్టల్ నుంచి వచ్చాక ఆ పిల్ల తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. కూతురు లావుదానిలో మ్యాపూ, సన్నదానిలో తేదీలూ తిరగేస్తుంటే, ఏది వెనక్కిస్తే ఆ వెతుకులాట ఆగిపోతుందోనని భయమేసి హేమలత రెండూ ఉంచేసింది. ఒకదాని డబ్బు కొట్టాయనకు ఇంకా ఇవ్వాలి.