అత్త ఇచ్చిన నీళ్లు

మేము ఆదోనిలో ఉంటాం. దేవనకొండ దగ్గర పల్లెలో ఉండే మా అత్త కళ్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు, ఊళ్లో నాటకం వేస్తున్నారని తెలిసి సాయంత్రం తీసుకెళ్లాను. ఆమె నాటకం చూడటం అదే మొదలు. చూపు సరిగా ఆనదని ముందు వరుసలో కూర్చోబెట్టాను.

కథలో ఊరు వెలివేసిన ఒక నిండు చూలాలు ఇంటింటికీ వెళ్లి గుక్కెడు నీళ్లు అడుగుతుంది. అందరూ తలుపులు వేసేసుకుంటారు. అత్త ఉన్నట్టుండి నా సంచిలోంచి నీళ్ల సీసా తీసుకుని లేచింది.

"యాడికత్తా? కూసో!" అని కొంగు పట్టుకున్నాను.

"ఇడువు మ్మే. ఆ బిడ్డ అంత మొత్తుకుంటాంటే ఒక్కరన్నా కదిలినారా?" అంటూ నేరుగా స్టేజీ దగ్గరికి పోయి సీసా పైకి చాపింది. హాలంతా ఒకటే నవ్వులు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ నటి ఒక్క క్షణం తడబడింది. తర్వాత స్టేజీ అంచున మోకాళ్ల మీద కూర్చుని దోసిలి పట్టింది. అత్త పోస్తుంటే కడుపునిండా తాగింది.

"సల్లగుండు తల్లీ," అంది అత్త. నవ్వులు ఆగిపోయాయి. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆటోలో ఇంటికి వస్తూ, "అది నాటకమని నీకు తెల్దా అత్తా?" అని అడిగాను.

"ఎందుకు తెల్దు? నాటకమైతే మాత్రం, నీళ్లడిగితే లేదంటామా?" అంది.

ఆ నాటకం ఎలా ముగిసిందో నాకు గుర్తులేదు. ఆ సాయంత్రం సిగ్గుతో తల దించుకున్నదాన్ని, ఇప్పుడు ఆమె మా అత్త అని అందరికీ చెప్పుకుంటున్నాను.