పెంటయ్య రెండో తుమ్ము

కోకాపేటలోని ఒక గాజుమేడకు కావలివాడైన పెంటయ్య, ప్రతి ఉదయం బూట్లకు మెరుగుపెట్టి, మీసం దువ్వి, గోడకు ఆనించిన ఫోనులో ఒకే పాట వింటాడు. నిరుడు హైటెక్ సిటీలో ఒక గాయని చేసిన కచేరీని టీవీలో ప్రత్యక్షంగా చూపారు. దానినే ఆల్బముగానూ విడుదల చేశారు; ఆ పాట అందులోదే. ఆనాడు వేదిక పక్కన కాపలా ఉన్నది పెంటయ్యే. ఆలాపన ముగిసి సభ ఊపిరి బిగబట్టిన క్షణాన వినబడే తుమ్మూ అతనిదే. రెండోదీ వచ్చేదే గాని, సూపర్‌వైజరు గుడ్లురుమగా ముక్కు నొక్కుకొని మింగేశాడు. ఆ చోటు రాగానే అతడు కళ్ళు మూసుకొని తల పంకిస్తాడు. ఒక్కోనాడు సరిగ్గా అప్పుడే గడప దాటబోయే భార్య రాజమ్మ, ఒంటి తుమ్ము అపశకునమని వెనుదిరిగి కూర్చుంటుంది. అలా ఈ నెలలో ఆఫీసు ఊడ్చే పనికి రెండుమార్లు ఆలస్యమైంది. మూడోమారు ఆలస్యమైతే ఇక రావద్దన్నారు.

ఈ ఉదయమూ తుమ్ము వినబడింది, రాజమ్మ చతికిలబడింది.

"ఏమయ్యా, గా పాట జర బంద్ జెయ్యరాదు?"

"నా తుమ్ము దేశమంత ఇన్నది. నీకే పనికిరాదా?"

"ఇన్న గనుకనే కూసున్న. రెండోది గూడ తుమ్ము, పోత. కంపెనీ బస్సొస్తది."

పెంటయ్య నశ్యం పొట్లం విప్పి, దట్టంగా పీల్చి, ఇల్లదిరేలా తుమ్మాడు. రాజమ్మ సంబరంగా టిఫిన్ డబ్బా అందుకొని గడపపై కాలు పెట్టింది. అంతలో అతడు మరోసారి తుమ్మాడు.

"మూడైనయ్!" అంటూ ఆమె కూలబడింది.

వీధి మలుపున బస్సు హారను మోగుతుండగా, పెంటయ్య నాలుగో తుమ్ము కోసం సూర్యుని వైపు ముక్కెత్తి నిలబడ్డాడు. ఫోనులో సభ చప్పట్లు కొడుతూనే ఉంది.