ఈశ్వరప్ప వీపు

యాభై ఏళ్లు దగ్గరపడితే గాని కుమారస్వామికి తన బొమ్మలన్నీ ఒకచోట పెట్టి నలుగురినీ పిలిచే ధైర్యం చిక్కలేదు. పెనుకొండ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారాయన. హిందూపురంలో ఒక కల్యాణమండపం కింది హాలు బాడుగకు తీసుకున్నాడు. ఆదివారం పొద్దున పెద్దలొచ్చి రిబ్బన్ కత్తిరించారు.

బొమ్మలన్నీ ఒకే మనిషివి. ధర్మవరంలో చీరలు నేసిన నాయన ఈశ్వరప్ప. మగ్గం గుంతలో కాళ్లు దించుకుని నేస్తున్నవాడు, పోగు అతికేందుకు ముందుకు వంగినవాడు, అలిసి కాసేపు ఆగినవాడు. అన్నిట్లోనూ వెనక నుంచే. ఎక్కడా మొహం లేదు.

పెద్దలకు ఇదే తెగ నచ్చింది. చీరకు పేరుంది గాని నేసినవాడికి మొహం లేదని, మాస్టారు ఎంత లోతుగా చెప్పారో చూడండని మైకులో ఒకరిని మించి ఒకరు మాట్లాడారు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, ఉప్మా తిని కార్లెక్కి వెళ్లిపోయారు. కుమారస్వామి అందరికీ చేతులు జోడించాడు గాని, అది కాదయ్యా సంగతి అని ఒక్కరికీ చెప్పలేదు.

ఖాళీ అయిన హాల్లో కుర్చీలో కూలబడ్డాడు. ఎన్నేళ్లుగానో కోరుకున్న రోజు. సంతోషం రావాలి కదా, సిగ్గేసింది. ఆయనకు నాయన మొహం గుర్తులేదు, అంతే. తను మూడో తరగతిలో ఉండగా నాయన జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో ఆ తర్వాతి వానలకు గోడ కారి నాని పాడైపోయింది. నాయన నేస్తుంటే అమ్మ ఆయన వెనక కూర్చుని పట్టు పోగులు కండెలకు చుట్టేది, కుమారస్వామి ఆమె పక్కన కూర్చునేవాడు. అక్కడి నుంచి కనిపించిన ఆ వీపే గుర్తుండిపోయింది. మొహం గీద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరి మొహం వచ్చేది. ఒకసారి మేనమామ, ఒకసారి తనే. చించేసేవాడు.

మధ్యాహ్నం భార్య సాయిసుధ బస్టాండుకు వెళ్లి అత్తను తీసుకొచ్చింది. పుట్టమ్మ ధర్మవరంలో కూతురింట్లో ఉంటుంది. నాయన బొమ్మలు పెట్టానని కొడుకు ఫోన్లో చెప్పిన ఒక్క మాట పట్టుకుని బస్సెక్కింది. ఆమె చేతిలోని ప్లాస్టిక్ కవర్లో పూలదండ, కుంకుమ పొట్లం చూడగానే కుమారస్వామికి సంగతి అర్థమైంది. ఏటా నాయన తిథినాడు ఆమె దండ వేసేది, ఫొటో పోయిన చోట మిగిలిన ఉత్త మేకుకు. ఈసారైనా ఒక మొహానికి వేద్దామని వచ్చింది.

పుట్టమ్మ ఒక్కో బొమ్మ ముందూ ఆగి చూసింది. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"మొగం యాడుండాది కుమారా?"

పొద్దున మైకులో విన్న మాటలన్నీ ఆయన నోటిదాకా వచ్చాయి. అమ్మ దగ్గర ఆ మాటలు చెప్పడానికి మనసొప్పలేదు.

"గుర్తుకు రాలేదమ్మా. ఎంత గీసినా రాలేదు."

కోప్పడుతుందనుకున్నాడు. ఆమె కవరు చేతిలో అటూ ఇటూ తిప్పుకుంది.

"నాకు గూడా శానా దినాల నుంచి గుర్తుకు రాదు. ఎవరికీ చెప్పుకోలే. బొమ్మలేసేవాడివి గదా, నీ కాడన్నా ఉంటాదేమోనని వచ్చినా."

కుమారస్వామికి ఏడుపు ఆగలేదు. పుట్టమ్మ ఆయన్ని ఓదార్చలేదు, తానూ ఏడవలేదు. మగ్గంలో కూర్చున్న పెద్ద బొమ్మ ముందు నేల మీద చతికిలబడి, పక్కన కాస్త చోటు చూపించింది. ఆయన వెళ్లి కూర్చున్నాడు, మూడో తరగతిలో కూర్చున్నట్టే. దండ ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. ఈశ్వరప్ప నేత ఆపి ఒక్కసారి వెనక్కి తిరుగుతాడేమోనని ఇద్దరూ ఆ వీపునే చూస్తూ ఉండిపోయారు.