గిన్నె మూత కింది ర్యామ్

నూరుద్దీన్ దేన్నయినా చెయ్యి తిప్పి, వెనక వైపుతో తాకి చూసేవాడు. చాయ్ గ్లాసు, బస్సు బానెట్, పలకరించడానికి వచ్చిన మనిషి నుదురు. లోకంలో ఏది చెడినా ఆయనకు కారణం ఒక్కటే.

"వేడి, భాయ్. గంతే."

తొంభై ఎనిమిదిలో జడ్చర్ల బస్టాండు వెనక ఆయన కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఎదురుగా నాది పెళ్లికార్డుల ప్రెస్సు. బాగుచేస్తే ఆయనకు చాలేది కాదు. ఉరికించాలి. బోర్డు మీద చిన్న పిన్ను జరిపి, ర్యామ్ పట్టీని కంపెనీ చెప్పిన వేగం కన్నా ఎక్కువగా నడిపేవాడు. అది వేడెక్కకుండా అల్యూమినియం రేకు అతికించేవాడు. రేకు ఇంట్లో గిన్నె మూతలది.

ఆయన భార్య లాడ్లీ బేగం దుకాణానికే వచ్చి అరిచేది.

"ఇంట్ల ఒక్క గిన్నెకన్న మూత ఉన్నదా? కూర మీద పేపర్ కప్పుతున్న!"

"మంచిదే. వేడి బైటికి పోతది."

"బల్లి లోపలికి పోతది!"

ఊళ్లో కంప్యూటర్లన్నీ ఉరికేవి. కొన్ని ఉరుకుతూ పడిపోయేవి. బిక్షమ్మది అట్లాగే పడింది. కూలీల ఇంట్లో పుట్టి, టైపు నేర్చుకుని, పాత మిషన్ ఒకటి పెట్టుకుని నాకు కార్డులు కంపోజ్ చేసి ఇచ్చేది. మాఘమాసం ముహూర్తాల్లో పెళ్లికొడుకు పేరు పూర్తయ్యేది, పెళ్లికూతురు పేరు మొదలుకాక ముందే తెర నీలంగా మారేది. గిరాకీ మహబూబ్‌నగర్ బస్సెక్కింది.

"గీ వారం గూడ గిట్లనే అయితె దుకాణం మూస్త, అన్నా" అంది నాతో.

నూరుద్దీన్ వచ్చి చెయ్యి తిప్పాడు. "కాలుతాంది, చెల్లె. పెద్ద మూత గావాలె."

"వేరే ర్యామ్ ఏస్తవా ఏంది? ఊరికె ఇస్తె తీస్కోను, ముందే చెప్తున్న."

"నీదే ఉంటది. రేకు ఏస్త, గంతే."

మిషన్ తన దుకాణానికి తీసుకెళ్లి, మర్నాడు తిరిగి తెచ్చాడు. పట్టీకి రెండు వైపులా రేకు, బిర్యానీ గిన్నె మూతది. ఇక ఆగలేదు. పెళ్లికూతుళ్లందరికీ పేర్లు వచ్చాయి. బిక్షమ్మ దుకాణం నిలబడింది. ఊరంతా రేకుల కోసం ఎగబడింది. నేనూ మా పాలగిన్నె మూత పట్టుకెళ్లాను.

ఆ రోజు నుంచే నూరుద్దీన్ సొంత కంప్యూటర్ పాకడం మొదలుపెట్టింది. స్విచ్ వేసి చాయ్ తాగి వచ్చేవాడు.

"నీదానికి రేకు లేదా, భాయ్?"

"నాది తొందర లేని మిషన్."

ఎండాకాలం జిగురు వదిలి బిక్షమ్మ ర్యామ్ మీది రేకు ఊడింది. జర చూడమని నన్ను పిలిచింది. రేకు కింద ఎర్రచుక్క ఉంది. లాడ్లీ బేగం గోళ్ల రంగు. బాగుచేతకు వచ్చిన సామాన్లలో కలవకుండా నూరుద్దీన్ తన సొంతవాటికి పెట్టుకునే గుర్తు అది.

పట్టీ కాగితంలో చుట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. చుక్క చూపించాను.

"నిజం చెప్పు, భాయ్. రేకుతోని ఫాయిదా ఏమన్న ఉన్నదా?"

చెయ్యి తిప్పి తాకాడు. "దీనికి గంత వేడి ఏడిది? ఉన్నా లేకున్నా ఒక్కటే."

"మరి బిక్షమ్మది?"

"నా మిషన్ల ఉన్నది. పాతది, ఉరికిస్తె పడ్తది. ఉరికియ్యకుంటె నీ కార్డులు కావు. గట్టిగ మాట్లాడకు, వింటె వాపస్ ఇస్తది."

బిక్షమ్మ గుమ్మంలోనే ఉంది.

"భాయ్, రేకు లేకుంటె మల్ల ఆగుతదా?"

వినలేదు. నూరుద్దీన్ ఊపిరి వదిలాడు. "ఆగుతది, చెల్లె. కొత్త మూత గావాలె" అంటూ చుట్టూ వెతికాడు.

అప్పుడే అన్నం తెచ్చిన లాడ్లీ బేగం బల్ల మీది ఎర్రచుక్కను చూసింది. దాని మీద చెంగు కప్పింది. టిఫిన్ మూత తీసి భర్త చేతికిచ్చింది.

"గిది సరిపోతదా సూడు" అని, కూర మీద పేపర్ కప్పింది.